రాజ్‌దూత్ 350: ముందు ఇంజన్, తర్వాతే రంగు

పాత స్పోర్ట్స్ మోటార్‌సైకిళ్ళకు మళ్ళీ గిరాకీ వచ్చింది. యమహా ఆర్‌ఎక్స్ 100, యెజ్డి రోడ్‌కింగ్, వాటన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సిన రాజ్‌దూత్ 350, ఇలా పెరటి రేకుల షెడ్లలో ఏళ్ళ తరబడి దుమ్ము కొట్టుకుపోయిన బళ్ళు ఒక్కొక్కటీ బయటికి వస్తున్నాయి. సంతోషించాల్సిన విషయమే. కానీ వాటిని బాగుచేయించే తీరు చూస్తే ఆ సంతోషం నిలవదు. మొదట ట్యాంకుకు రంగు, తర్వాత మడ్‌గార్డులకు క్రోమ్ పూత, ఆపైన సీటు, స్టిక్కర్లు. డబ్బంతా అక్కడ అయిపోయాక చివర్లో ఇంజన్ గుర్తుకొస్తుంది. అప్పుడు దాని వంతుకు వచ్చేది ఒక బోరింగు, రెండు కొత్త పిస్టన్లు, పైన వెండి రంగు స్ప్రే. అదీ కుదరకపోతే వేరే బండి ఇంజన్ తెచ్చి బిగించేస్తారు. ఈ వరస తలకిందులు కావాలన్నది నా వాదన. పాత బండిని తిరిగి నిలబెట్టడమంటే ముందుగా దాని ఇంజన్ ఎందుకు పాడైందో తెలుసుకుని, పుట్టినప్పటి కేసుల్లోనే దాన్ని బాగుచేయడం. ఆ పని జరగకుండా ఎన్ని లక్షలు పోసినా చేతికి వచ్చేది షోకేసు బొమ్మే.

రాజ్‌దూత్ 350నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, ఎందుకంటే ఈ పొరపాటు వల్ల ఎక్కువగా నష్టపోతున్నది అదే. దీని మూలం 1973లో జపాన్‌లో వచ్చిన యమహా ఆర్‌డీ 350. పక్కపక్కన రెండు సిలిండర్లు, మొత్తం 347 సీసీ, గాలికి చల్లబడే టూ స్ట్రోక్ ఇంజన్, ఆరు గేర్లు, 39 హార్స్‌పవర్. కార్బొరేటర్ తర్వాత రీడ్ వాల్వు పెట్టడంతో తక్కువ వేగంలో కూడా లాగుడు బాగుండేది. 1983లో ఎస్కార్ట్స్ కంపెనీ ఆ బండినే రాజ్‌దూత్ 350 పేరుతో మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. పెట్రోలు ఖర్చు తగ్గించడానికి శక్తిని మొదట 30.5కు, తర్వాతి రకంలో 27కు దించారు. దించినా సరే, అప్పట్లో బుల్లెట్ 350 ఇచ్చే 18తో పోలిస్తే అది ఎక్కడో ఉండేది. పెట్రోలు తాగేస్తుందనీ, స్పేర్లు ఖరీదనీ, ఊళ్ళో మెకానిక్కుకు అంతుపట్టదనీ పేరుపడటంతో పెద్దగా అమ్ముడుపోలేదు. ఆ దశాబ్దం చివరికి తయారీ ఆగిపోయింది. అంటే దేశంలో ఈ ఇంజన్ కేసులు ఎన్ని మిగిలాయో అన్నే, ఇక ఒక్కటి కూడా పెరగదు. పిస్టన్లు, రింగులు, ఆయిల్ సీళ్ళు, ప్యాకింగులు ఇప్పటికీ బయట తయారై దొరుకుతున్నాయి. ట్యాంకు సొట్టలు తీయించుకోవచ్చు, రంగు ఎన్నిసార్లయినా వేయించుకోవచ్చు. ఫ్యాక్టరీలో పోతపోసి నంబరు కొట్టిన క్రాంక్‌కేసు ఒకసారి పోతే పోయినట్టే.

ఈ ఇంజన్‌కు వచ్చే పెద్ద జబ్బు సీజ్ కావడం, మెకానిక్కుల మాటలో పట్టేయడం. పిస్టన్ అల్యూమినియం, సిలిండర్ లోపలి స్లీవ్ పోత ఇనుము. ఒకే వేడికి అల్యూమినియం ఆ ఇనుముకంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. ఆ తేడా లెక్కలో ఉంచుకునే రెండిటి మధ్య మిల్లీమీటరులో కొన్ని వందో వంతుల సందు వదులుతారు. వేడి హద్దు మీరినా, నూనె పొర తెగినా ఆ సందు మూసుకుపోయి పిస్టన్ గోడను పట్టేస్తుంది, వెనక చక్రం బిగుసుకుపోతుంది. ఇంజన్ విప్పాక పని తెలిసిన మేస్త్రీ ఆ పిస్టన్‌ను మూల పారేయడు. పెట్రోలుతో కడిగి, వెలుతురులో పెట్టి చుట్టూ తిప్పి చూస్తాడు. గీతలు చుట్టూతా ఒకే తీరుగా ఉంటే నూనె అందలేదని అనుమానిస్తాడు. సైలెన్సర్ వైపే రాసుకుపోయి ఉంటే వేడి ఎక్కువైంది, బహుశా పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైంది. నాలుగు మూలల్లో నాలుగు నిలువు చారలు కనబడితే సిలిండర్ వేడెక్కకముందే పిస్టన్ ఉబ్బింది, అంటే సందు తక్కువ పెట్టి ఉండాలి, లేదా చల్లటి ఇంజన్ మీద యాక్సిలరేటర్ తిప్పి ఉండాలి. పిస్టన్ నెత్తిన చిల్లి పడి అంచులు కరిగి ఉంటే స్పార్కు మరీ ముందుగా పడుతోందేమో చూడాలి. ఏ గీతైనా ఒంటరిగా తీర్పు చెప్పదు గానీ, ఎక్కడ వెతకాలో మాత్రం చెబుతుంది. కొత్త పిస్టన్ వచ్చిన రోజే పాతదాన్ని పాత ఇనుము వాడికి ఇచ్చేస్తే ఆ సాక్ష్యం కూడా దానితోపాటే పోతుంది.

రెండు సిలిండర్లుండటం ఈ పరిశోధనకు పెద్ద సాయం. రెండిటికీ వేర్వేరు కార్బొరేటర్లు, వేర్వేరు పాయింట్లు, కింద వేర్వేరు క్రాంక్ గదులు. నూనె పంపు ఒకటే అయినా రెండు వైపులకూ వేర్వేరు గొట్టాలు వెళతాయి. రెండు పిస్టన్లూ పట్టేస్తే పంపును, దాని కేబుల్ అమరికను, ట్యాంకులో ఏ పెట్రోలు ఉందో దాన్ని చూడాలి. ఎడమది మాత్రమే పట్టేస్తే దోషం ఎడమ వైపే ఉంది: ఆ కార్బొరేటర్ జెట్‌లో మట్టి కావచ్చు, ఆ పాయింట్ల టైమింగ్ కావచ్చు, నూనె గొట్టంలో గాలి బుడగ కావచ్చు, ఎక్కువగా మాత్రం క్రాంక్ చివరి ఆయిల్ సీల్. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ గది కూడా పంపులా పనిచేస్తుంది. ఏళ్ళ తరబడి నిలబెట్టిన బండిలో రబ్బరు సీల్ ఎండి గట్టిపడితే ఆ గది బయటి గాలిని పీలుస్తుంది, మిశ్రమం పల్చబడుతుంది, పిస్టన్ కాగిపోతుంది. కుడి వైపు సీల్ పోతే కథ వేరు. అటు క్లచ్ ఉంటుంది కాబట్టి గేర్ ఆయిల్ లోపలికి వెళ్ళి తెల్లటి పొగ వస్తుంది, గేర్‌బాక్స్‌లో నూనె తెలియకుండానే తగ్గిపోతుంది. ఇదంతా బయటపెట్టే పరీక్ష చాలా చవక. కార్బొరేటర్, సైలెన్సర్ దారులను రబ్బరు బిరడాలతో మూసి, ప్లగ్ రంధ్రం గుండా కొద్దిపాటి ఒత్తిడితో గాలి నింపి, మీటరు ముల్లు కొన్ని నిమిషాలు నిలబడుతుందా లేదా చూడటమే. బీపీ చూసే పరికరం రబ్బరు బల్బుతో కూడా చేసేవాళ్ళున్నారు. ముల్లు జారిపోతుంటే సబ్బు నీళ్ళు రాస్తే చాలు, ఎక్కడ బుడగలొస్తే అక్కడే రోగం.

ఈ పరీక్ష చేయకుండానే సిలిండర్ లేత్ షాపుకు వెళ్ళిపోతోంది, నా అభ్యంతరమంతా అక్కడే. బోరు అసలు కొలత 64 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి పావు మిల్లీమీటరు చొప్పున ఒక మిల్లీమీటరు దాకా ఓవర్‌సైజు పిస్టన్లు ఉంటాయి. అంటే ఆ సిలిండర్‌కు మిగిలిన ఆయుష్షు నాలుగు బోరింగులు. కారణం తెలుసుకోకుండా బోరు కొట్టించిన ప్రతిసారీ ఒకటి వృథా అవుతుంది, సీల్ అలాగే కారుతుంటుంది, వెయ్యి కిలోమీటర్లు తిరక్కుండానే ఇంకోటి పట్టేస్తుంది. నిజానికి ప్రతి సీజ్‌కూ బోరింగు అక్కర్లేదు. గోడ మీద కనిపించే బూడిద రంగు మరకల్లో చాలావరకు సిలిండర్ గాయాలు కావు, పిస్టన్ నుంచి కరిగి అంటుకున్న అల్యూమినియం. కాస్టిక్ సోడా ద్రావణాన్ని జాగ్రత్తగా రాస్తే అల్యూమినియం కరిగిపోతుంది, ఇనుము చెక్కుచెదరదు. ఆ తర్వాత బోర్ గేజి పెట్టి పైన, మధ్యలో, కింద కొలిచి, గుండ్రం పోయిందో లేదో చూసి అప్పుడు నిర్ణయించుకోవాలి. బోరు తప్పనిసరైతే తర్వాతి పని ఇంకా ముఖ్యం. గోడలో ఉన్న పోర్టుల అంచులు బోరింగుతో కత్తుల్లా పదునెక్కుతాయి. వాటిని చేత్తో సన్నగా వాలు తీయకపోతే రింగు వెళ్ళి అక్కడ తగులుకుంటుంది, విరుగుతుంది, ముక్కలు సిలిండర్ అంతా చీరేస్తాయి. ఇక క్రాంక్ సంగతి. అది ముక్కలు ముక్కలుగా ప్రెస్ చేసి కూర్చిన షాఫ్టు. కొత్త కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, మధ్య సీల్ వేయాలంటే హైడ్రాలిక్ ప్రెస్ మీద విడదీసి, మళ్ళీ కూర్చి, డయల్ గేజి ముల్లు వందో వంతుల్లో ఊగేదాకా రాగి సుత్తితో తట్టి తట్టి సరిచేయాలి. ఈ ఒక్క పనికి పూట పడుతుంది. చూసేవాళ్ళకు ఏమీ కనబడదు. అందుకే రంగు వేసినాయనకు బేరమాడకుండా ఇచ్చే మనిషి ఇక్కడ వందకూ రెండొందలకూ గీచిగీచి బేరమాడతాడు.

కారణం వెతకడం ఇప్పుడు మునుపటికంటే ఇంకా అవసరమైంది. ముందు 2030కి అనుకున్న లక్ష్యం 2025లోనే నెరవేరి, పెట్రోల్ బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే మామూలైపోయింది. ఈ విధానానికి దాని లాభాలు దానికి ఉన్నాయి, ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. కానీ కార్బొరేటర్ బండికి జరిగేది చూద్దాం. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో 14.7 పాళ్ళ గాలి కావాలి. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంటుంది కాబట్టి 20 శాతం కలిసినప్పుడు 13.5 దగ్గరే సరిపోతుంది. ఇప్పటి ఇంజెక్షన్ బండిలో సెన్సర్ ఈ తేడా పసిగట్టి ఇంధనం పెంచుతుంది. 1980ల నాటి ఇత్తడి జెట్‌కు ఆ తెలివి లేదు, పాత లెక్కనే పోస్తుంది. ఫలితంగా మిశ్రమం ఏడెనిమిది శాతం పల్చనవుతుంది. ఫోర్ స్ట్రోక్ బండి దీన్ని కాస్త ముక్కుతూ మూలుగుతూ తట్టుకుంటుంది. గాలికి చల్లబడే టూ స్ట్రోక్‌లో మాత్రం సీల్ కాస్త కారుతూ ఉంటే ఈ రెండూ కలిసి పిస్టన్‌ను తినేస్తాయి. పైగా ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి నిలవున్న ట్యాంకును లోపల తుప్పు పట్టిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది. కాబట్టి మెయిన్ జెట్ ఒక మెట్టు పెంచి, ప్లగ్ రంగు చూసి సరిచూసుకోవడం, గొట్టాలూ సీళ్ళూ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయడం, బండి నిలబెట్టేముందు ట్యాంకు ఖాళీ చేయడం ఇప్పుడు రిపేరులో భాగం. 1983 నాటి మాన్యువల్‌లో ఇవి ఉండవు, పాడైన ఇంజన్‌ను అడిగి తెలుసుకునేవాళ్ళకే తెలుస్తాయి.

ఇంత గొడవెందుకు, మరో మంచి ఇంజన్ దొరికితే మార్చేస్తే పోలేదా అని అడిగేవాళ్ళున్నారు. ఖర్చు తగ్గుతుంది, పని వారంలో అయిపోతుంది. నిజమే, బతుకుతెరువు కోసం తిరిగే బండికి అది సరైన సలహా. పాత బండి విషయంలో రెండు చిక్కులున్నాయి. ఒకటి చట్టం. ఆర్‌సీలో ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఉంటాయి. ఇంజన్ మారితే రవాణా శాఖ అనుమతి తీసుకుని నమోదు చేయించాలి. చేయించని బండి రేపు అమ్మబోయినా, రిజిస్ట్రేషన్ పొడిగించబోయినా, ప్రమాదం జరిగి బీమా అడిగినా ఇరుకున పడుతుంది. పాత కేసు మీద నంబరు అరగదీసి కొత్తది కొట్టడం అక్కడక్కడా జరుగుతోంది, అది నేరమని వేరే చెప్పక్కర్లేదు. రెండో చిక్కు ఇంకా లోతైనది. ఆ మంచి ఇంజన్ ఎక్కడి నుంచి వచ్చింది? మరో రాజ్‌దూత్‌ను విప్పితేనే కదా. ఒక బండిని నిలబెట్టడానికి ఇంకో బండిని శాశ్వతంగా పడగొట్టి, దాన్ని కాపాడటం అని పిలుచుకోవడం నాకు ఎంత మాత్రమూ సమ్మతం కాదు. కేసు పగిలినా, బేరింగు గూడు అరిగినా అల్యూమినియం వెల్డింగు చేసి, లేత్ మీద పట్టి, బుష్ వేసి తిరిగి కొలతకు తేగల పనివాళ్ళు విజయవాడ ఆటోనగర్‌లోనూ సికింద్రాబాద్ రాణిగంజ్ చుట్టుపక్కలా ఇప్పటికీ ఉన్నారు. ఖర్చు ఎక్కువే అవుతుంది. ట్యాంకు రంగు మీద, క్రోమ్ మీద పెట్టేది సగానికి తగ్గిస్తే ఆ ఖర్చు అక్కడే దొరుకుతుంది.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ కాలుష్యం. టూ స్ట్రోక్ ఇంజన్‌లో కొత్త మిశ్రమం లోపలికి వస్తూనే పాత పొగను బయటికి నెడుతుంది. ఆ తోపులాటలో కొంత పెట్రోలు కాలకుండానే సైలెన్సర్ దారి పడుతుంది, మండిన నూనె పొగ దానికి తోడు. ఈ లోపం దాని పుట్టుకలోనే ఉంది, ఎంత మంచి మేస్త్రీ అయినా తీయలేడు. కాబట్టి ఈ బళ్ళను రోజూ ఆఫీసుకు తిప్పాలని నేను వాదించను. నగరం మధ్యలో రోజూ తిరగనవసరం లేదు. కానీ ఈ ఆక్షేపణ నా వాదనకు బలమే ఇస్తుంది. 2000 మార్చికి ముందు తయారైన ద్విచక్ర వాహనాలకు కాలుష్య పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం, హైడ్రోకార్బన్లు 9,000 పీపీఎం దాకా అనుమతి ఉంది. సీళ్ళు సరిగ్గా ఉండి, నూనె పంపు దాని గీత మీద ఉండి, పాయింట్ల టైమింగ్ కుదిరిన ఇంజన్‌కు ఈ హద్దులో ఉండటం కష్టమేమీ కాదు. గేర్ ఆయిల్ పీలుస్తూ, భయం కొద్దీ లెక్కకు మించి నూనె కలిపించుకుంటూ వీధి వీధంతా తెల్లగా చేసే బండి, మెరిసే ట్యాంకుతో ఇంజన్ జబ్బును కప్పిపెట్టుకున్న బండే. ఆ పొగ చూసి పాత బళ్ళంటేనే ఏవగించుకునేవాళ్ళను తప్పుపట్టలేం.

మరో వాదన భద్రతది. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు ఉండేది, మన రాజ్‌దూత్‌కు రెండు చక్రాలకూ డ్రమ్ములే ఇచ్చారు. ఆ వేగానికి అవి చాలవన్న మాట ఆ రోజుల నుంచీ ఉంది, అందులో నిజముంది. డిస్క్ వేసుకుంటే అసలుతనం పోతుందా? అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా ఈ ప్రశ్నల మీదే 2013లో ట్యూరిన్ చార్టర్‌ను ఆమోదించింది, పురాతన కట్టడాల పరిరక్షణకు 1964లో వచ్చిన వెనిస్ చార్టర్ బాటలోనే. కట్టడాలకు పనికొచ్చే విచక్షణే ఇక్కడా పనికొస్తుంది: చేసిన మార్పును రేపు ఇంకొకరు వెనక్కి తీయగలరా? బోల్టులతో బిగించిన డిస్క్ బ్రేకు, దాచిపెట్టిన అసలు డ్రమ్ము, పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్, వీటికి నాకు అభ్యంతరం లేదు. బండి నడిపేవాడి ప్రాణం దక్కాలి. ఛాసిస్ కోయడం, పోర్టులు గీకి పెద్దవి చేసి రేసు బండిగా మార్చడం, కేసు మీద నంబరు చెరపడం మాత్రం వెనక్కి రానివి. ఇంజన్ రిపేరులో కూడా ఇదే తేడా పాటించాలి. ఫ్యాక్టరీ అనుమతించిన ఓవర్‌సైజు దాకా బోరింగు మరమ్మతే, దాన్ని దాటి గీకేది విధ్వంసం.

మన చట్టం ఈ తేడాను ఇంకా స్పష్టంగా పట్టించుకోలేదు. కేంద్రం 2021 జులైలో పాత వాహనాలకు మొదటిసారి ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలను వింటేజ్‌గా గుర్తించి, నంబరులో వీఏ అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ రిపేరుకూ తప్ప మామూలుగా రోడ్డెక్కకూడదు. మంచి ఆరంభమే. అయితే పెద్ద మార్పులు జరగని వాహనమే అర్హమని చెప్పిన నియమం, సీజైన ఇంజన్‌ను ఫ్యాక్టరీ కొలతల్లో బాగుచేయడం మార్పు కిందికి రాదని కూడా విడమరిచి చెప్పాలి. లేకపోతే నిజాయతీగా రిపేరు చేయించిన యజమాని దాన్ని దాచుకోవాల్సి వస్తుంది. వయసు మాట కూడా ఆలోచించాలి. ఫీవా లెక్కలో 30 ఏళ్ళు దాటి, రోజువారీ రాకపోకలకు వాడకుండా అసలు రూపంలో కాపాడుకుంటున్న వాహనం చారిత్రకమే. మన లెక్కలో మొట్టమొదటి రాజ్‌దూత్ 350 కూడా 2033 దాకా ఆగాలి. అప్పటిదాకా అది పదిహేనేళ్ళు దాటిన మామూలు పాత బండి, అయిదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 30 నుంచి 50 ఏళ్ళ మధ్య బళ్ళకు, కాలుష్య పరీక్ష నెగ్గాలనీ రోజువారీ వాడకం కూడదనీ షరతు పెట్టి, ఒక మధ్యస్థ గుర్తింపు ఇవ్వవచ్చు. దరఖాస్తుకు తోడుగా ఇంజన్ రిపేరు వివరాల కాగితం ఒకటి అడిగితే చాలు: పాడైన కారణం, తీసేసిన పిస్టన్ ఫొటో, ఇప్పటి బోరు కొలత, క్రాంక్ రీడింగు, గాలి ఒత్తిడి పరీక్ష ఫలితం, పని చేసిన షాపు పేరు.

చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. కొనేవాళ్ళు రంగు కంటే ముందు ఆ కాగితం అడిగితే, అమ్మేవాళ్ళు దాన్ని రాయించుకుంటారు. రాయాలంటే కొలవాలి, కొలవాలంటే కొలవడం వచ్చిన మనిషి కావాలి. అలాంటివాళ్ళు వయసు మీదపడి ఒక్కొక్కరే షాపులు మూసేస్తున్నారు, వాళ్ళ పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు. తెలంగాణలో 65 ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తున్నారు. కంప్యూటర్ మెషీన్లు, రోబోలు, విద్యుత్ వాహనాలు అక్కడి పాఠాలు. అవన్నీ కావాల్సినవే. వాటి పక్కనే ఒక గదిలో పాత లేత్, బోరింగు మెషీను, హైడ్రాలిక్ ప్రెస్ పెట్టి, ఆటోనగర్ పెద్ద మేస్త్రీలను గౌరవ వేతనం మీద వారానికి రెండు రోజులు పిలిపిస్తే ఖర్చు ఎంతో కాదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే పని విజయవాడలో మొదలుపెట్టవచ్చు. ఏటా ప్రతి కేంద్రం నుంచి ముగ్గురు నలుగురు క్రాంక్ సరిచేయడం నేర్చుకుని బయటికొచ్చినా, రాజ్‌దూత్‌లకు వీఏ నంబర్లు వచ్చే నాటికి ఆ ఇంజన్లు విప్పడం తెలిసినవాళ్ళు రెండు రాష్ట్రాల్లోనూ ఉంటారు.